‘అబ్‌స్టినేట్’ దగ్గర తడబడిన నిఘంటువు యాప్

ఆరు నెలలుగా నా ఫోనులో ఉన్న ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు యాప్ వేగంలోనూ అక్షరాల స్పష్టతలోనూ బాగుంది. ఇబ్బందంతా అర్థాల దగ్గరే. మా అమ్మాయి ‘అబ్‌స్టినేట్’ అనే మాట కోసం వెతికితే మొట్టమొదట కనిపించిన అర్థం ‘పట్టుదలగల’. అది నమ్మి, తన టీచరును మెచ్చుకుంటూ రాసిన వ్యాసంలో ఆ విశేషణాన్నే వాడింది. ఆవిడ నవ్వి ఊరుకోవడం మా అదృష్టం. ‘నిలబడు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువుతో సంబంధమున్న ఈ మాట, ఎంత నచ్చజెప్పినా, ఎన్ని కారణాలు చూపినా దిగిరాని మంకుపట్టును సూచిస్తుంది కాబట్టి అందులో సాధారణంగా నిందే ధ్వనిస్తుంది. మెచ్చుకోలుకు ‘పర్సిస్టెంట్’ తగిన మాట.

‘స్టబర్న్’ విషయంలో యాప్ మెరుగు. మొండి మనిషితో పాటు ‘మొండి మరక’ను కూడా ఉదాహరణగా ఇచ్చింది, రెండు భాషల్లోనూ ఆ పోలిక చక్కగా కుదురుతుంది. ‘మొండి బకాయి’కి మాత్రం ఈ మాట చెల్లదని ఒక ముక్క చేర్చి ఉండవలసింది. ప్రకటనల బెడద భరించదగినదే. బడిపిల్లల చేతికి మాత్రం దీన్ని ఒంటరిగా ఇవ్వను.