దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రో: ఏళ్లుగా ఎక్కి దిగాక నా లెక్క

అమీర్‌పేట–హైటెక్ సిటీ లైను 2019 మార్చిలో మొదలైంది. కరోనా రోజులు తీసేస్తే అప్పట్నుంచీ ఆఫీసుకి ఎక్కువగా మెట్రోలోనే వెళ్తున్నా. రైలు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఏసీ ఉంటుంది. మలక్‌పేట రైల్వే వంతెన కింద నీళ్లు నిలిచిన రోజు కూడా పైనుంచి దర్జాగా పోతుంది. అమీర్‌పేటలో లైను మారేటప్పుడు మాత్రం పొద్దున తొమ్మిది దాటితే తోపులాటే.

తేడా వచ్చేది డబ్బు దగ్గర. 2025 మేలో కనీస చార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి పెంచారు. గోల లేచాక కాస్త తగ్గించి 11, 69 చేశారు. నా రూటుకి ఒకవైపు 60 పైనే అవుతుంది. దిగాక షేర్ ఆటోకి ఇంకో 20. అదే బండి మీదైతే ఇరవై చిల్లర కిలోమీటర్లకి అర లీటరు పెట్రోలు చాలు. లీటరు 107 దాటినా యాభై పైచిలుకుతో అయిపోతుంది. వెనక ఇంకొకర్ని ఎక్కించుకుంటే ఇద్దరికీ కలిపి అంతే. మెట్రోలో తలకో టికెట్టు. మెట్రో పెట్టుకుని జనం బండ్లెందుకు తీస్తున్నారని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఈఎంఐ, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ లేవా అంటారు. ఉన్నాయి. కానీ బండి తీసినా తీయకపోయినా అవి కట్టాల్సిందే. పొద్దున్నే తాళం తీసేవాడు బంకులో పోయించింది మాత్రమే చూసుకుంటాడు.

రైల్లో గడిచే పది నిమిషాల కంటే బయట నడుస్తూనో, ఎదురుచూస్తూనో గడిచే పది నిమిషాలు జనానికి బరువని రవాణా మీద పనిచేసే ఆర్థికవేత్తలు ఎప్పట్నుంచో చెబుతున్నారు. హైటెక్ సిటీ మెట్ల కింద నిలబడితే నోబెల్ లేకుండానే తెలుస్తుంది. యాప్‌లో బైక్ బుక్ చేస్తే వెంటనే ఫోను: "అన్నా, డ్రాప్ ఎక్కడ? క్యాషా, ఆన్‌లైనా?" చెప్పామా, క్యాన్సిల్. ఎండాకాలంలో అలా నిలబడే పావుగంట తప్పుతుందంటే నేనైతే వంద రూపాయలైనా కడతా.

మా ఆవిడ లెక్క పూర్తిగా వేరు. ఆమె ఉద్యోగం కోఠిలో. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. డీలక్స్ వస్తే వదిలేస్తుంది, అందులో ఫ్రీ లేదు కాబట్టి. ఆర్డినరీయో ఎక్స్‌ప్రెస్సో వచ్చేదాకా స్టాపులోనే ఉంటుంది. మెట్రో కంటే ఇరవై నిమిషాలు ఆలస్యం, సీటు దొరకడం అదృష్టం. "రోజూ కాసేపు నిలబడితే నెలకి వెయ్యి పైన మిగులుతోంది, నాకెవరిస్తారు?" అంటుంది. ఆ డబ్బు చిట్టీకి పోతోంది. లేటైన రోజు మాత్రం కిక్కురుమనకుండా మెట్రో ఎక్కేస్తుంది.

బండి కంటే రోజుకి అరవై దాకా ఎక్కువైనా నేను మెట్రోనే ఎందుకంటే, సాయంత్రం పంజాగుట్ట ట్రాఫిక్‌లో క్లచ్ పట్టుకుని కూర్చునే ఓపిక లేదు. నడుం కూడా ఒప్పుకోదు. ఇంటిల్లిపాదీ సికింద్రాబాద్ వెళ్లాలంటే మాత్రం ఆటోనే పిలుస్తాం.

ఇల్లు వెతుక్కునేవాళ్లకి ఒక మాట. "మెట్రోకి దగ్గర" అని ఓనరు అద్దె పెంచి చెబితే, ఆఫీసు వైపు స్టేషన్ నుంచి నడక ఎంతో ముందు చూసుకోండి. అక్కడ రోజూ ఆటో ఎక్కాల్సి వస్తే ఇక్కడ కట్టే ఎక్కువ అద్దె దండగ.