రెడ్ లైట్ కెమెరా: ఫొటో సరే, దాని కింది అంకెలు చూశారా?

ఎర్ర లైటు పడ్డాక కూడలి దాటే బళ్లను ఫొటో తీసే రెడ్ లైట్ కెమెరా మాట ఎత్తితే చాలు, ప్రాణాలు కాపాడుతుందని ఒకరు, జనం జేబులు కొడుతుందని ఇంకొకరు వాదనకు దిగుతారు. చలానాకు ముందు ఫొటోలు పరిశీలించే పనిలో ఏళ్ల తరబడి దీన్ని వాడాక నాకు బాగా నచ్చిందీ, కడుపు మండించిందీ ఒకటే. ఫొటో కింది పట్టీలో రెండు అంకెలుంటాయి: పసుపు లైటు ఎన్ని సెకన్లు వెలిగింది, ఎరుపు పడిన ఎంతసేపటికి బండి ఆగాల్సిన గీత దాటింది. కెమెరా మొత్తంలో విలువైనవి ఆ రెండే. ఎవరూ చూడనివీ అవే.

ఒక కూడలిలో దొరికిన బళ్లన్నిటినీ రెండో అంకె ప్రకారం వరసలో పెట్టి చూడండి. 0.5 సెకను లోపు దాటినవాళ్లు ఎక్కువగా ఆగాలా, పోవాలా అని తేల్చుకోలేక చిక్కుకున్నవాళ్లు. 2 సెకన్లు దాటాక వచ్చినవాళ్లు సిగ్నల్ చూడనే లేదు, లేదా చూసీ లెక్కచేయలేదు. అప్పటికి అడ్డరోడ్డుకు పచ్చలైటు పడి ఉంటుంది. పక్కనుంచి గుద్దే ఘోరమైన ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. వరసంతా 0.5 లోపే పోగుపడిందంటే జనాన్ని తిట్టే ముందు పసుపు లైటును అనుమానించాలి.

మామూలుగా జరిగే తప్పు ఇలా ఉంటుంది. సిగ్నల్ పెట్టెలో లైట్లను నడిపే కంట్రోలర్ మారుస్తారు, లేదా కొత్త టైమింగ్ ఎక్కిస్తారు. ఆ దారికి ఇవ్వాల్సిన పసుపు సమయం పోయి, కంట్రోలర్‌లో ముందే ఉన్న 3.0 సెకన్లు వచ్చి కూర్చుంటుంది. బళ్లు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే రోడ్డయితే లెక్క చూడండి. తేరుకోవడానికి 1 సెకను. సెకనుకు 16.7 మీటర్ల వేగాన్ని, ఓ మోస్తరు బ్రేకు ప్రతి సెకనుకూ తగ్గించే వేగం (సెకనుకు 3 మీటర్లు) రెట్టింపయిన 6తో భాగిస్తే 2.8. మొత్తం 3.8 సెకన్లు. అంటే 0.8 తక్కువ. ఆ 0.8 సెకన్లలో బండి 13 మీటర్లు పోతుంది. కూడలి వైపు 3 శాతం పల్లముంటే ఇంకో 0.3 కలపాలి.

ఈ తప్పు కెమెరాకు తెలియదు. ఎర్ర లైటుకు కరెంటు అందగానే అది సిద్ధమవుతుంది, రోడ్డులో పాతిన తీగచుట్ల మీదుగా బండి వేగంగా పోతే ఫొటో తీస్తుంది. పరిశీలించేవాళ్లకూ అంతా సవ్యంగానే కనిపిస్తుంది: ఎర్ర లైటు ఉంది, మొదటి ఫొటోలో ముందు చక్రాలు గీతకు ఇవతలే ఉన్నాయి, నంబరు ప్లేటు చదవగలం. చలానా పోతుంది. వారం తిరిగేసరికి చలానాలు అమాంతం పెరుగుతాయి, నివేదికలో అది విజయంగా నమోదవుతుంది. పట్టీలో 3.0 అని రాసే ఉన్నా ఎవరి కంటా పడదు. షికాగోలో పసుపు 3 సెకన్లకు రవ్వంత తగ్గినా జరిమానాలు వేశారని 2014లో బయటపడింది. అలాంటివి సుమారు 77 వేలు.

అందుకే వారానికోసారి ప్రతి దారిలో నమోదైన అతి తక్కువ పసుపు సమయాన్ని తీసి మంజూరైన దానితో పోల్చాలి. స్టాప్‌వాచ్ సరిపోదు, వేలు నొక్కడంలోనే తేడా వస్తుంది. వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టండి: సెకనుకు 30 ఫ్రేములైతే 3.8 సెకన్లకు 114 రావాలి. మలుపు తిరిగే లేనుకు వేరే లెక్క. తిరిగే బండి పసుపులోనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి తిన్నగా పోయేవాళ్ల సూత్రం దానికి చాలదు. అమెరికాలోని ఒరెగాన్‌లో భార్యకు 2013లో వచ్చిన కెమెరా చలానాతో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అనే ఇంజినీరు మొదలుపెట్టిన వాదన ఇదే. 2020లో రవాణా ఇంజినీర్ల సంఘం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీర్స్ పసుపు సమయంపై తన మార్గదర్శకాలను ఆ దిశగా సవరించింది.

ఫొటోల స్పష్టత గురించి మొదట్లో నేను బాగా పొగిడేవాణ్ణి. ఇప్పటికీ పొడి రోడ్డు మీద తిరుగులేదు. వానరాత్రి తడిరోడ్డు మెరుపులో మాత్రం చాలా ఫొటోలు తీసేయాల్సిందే. కొన్ని ఎల్ఈడీ దీపాలు కంటికి కనిపించనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, ఆరిన క్షణంలో ఫొటో పడితే ఎర్ర లైటు వెలగనట్టే వస్తుంది. రోడ్డు మీద కొత్త పొర వేసేటప్పుడు తీగచుట్లు తెగుతాయి. గీతను వెనక్కి జరిపి వేస్తే మొదటి ఫొటోలోనే చక్రాలు గీత దాటి ఉంటాయి, నిజంగా తప్పు చేసినవాళ్లు కూడా తప్పించుకుంటారు.

పనిచేస్తుందా అంటే, చేస్తుంది. అమెరికా ఫెడరల్ హైవే శాఖ 2005 అధ్యయనంలో పక్కనుంచి గుద్దే ప్రమాదాలు సుమారు 25 శాతం తగ్గాయి, వెనకనుంచి గుద్దేవి సుమారు 15 శాతం పెరిగాయి. మొదటి రకంలో గాయాలు తీవ్రం కాబట్టి మొత్తంమీద లాభమే. కానీ నాకు నమ్మకం కుదిరింది ఫిలడెల్ఫియా ఫలితంతో. అక్కడ ముందు పసుపును దాదాపు ఒక సెకను పెంచితే ఉల్లంఘనలు 36 శాతం తగ్గాయి. ఆ తర్వాత కెమెరా పెడితే మిగిలినవాటిలో 96 శాతం పోయాయి. ఆ వరస తలకిందులైతే పసుపు సరిచేస్తే పోయే తప్పులకు కూడా జనం జరిమానా కడతారు.

నా చేతిలో ఉన్నవి తిన్నని, వెడల్పాటి రోడ్ల కూడళ్లు. కెమెరాలు నడిపే కంపెనీకి నెలకింత అని చెల్లింపు, చలానాకింత అని కాదు. అందుకే నాకు ఇవి ఉండాలనే ఉంది. చలానాల మీద వాటా ఇచ్చే ఒప్పందమైతే నేనే వద్దంటాను. మలుపులే ఎక్కువున్న కూడలైతే పసుపు లెక్క తేలేదాకా ఆగమంటాను. ఎరుపు పడ్డాక జరిమానా వేయకుండా ఇచ్చే వెసులుబాటు ఎంతో కూడా అడగండి. షికాగో దాన్ని 2017లో 0.1 నుంచి 0.3 సెకనుకు పెంచింది, నేనైతే 0.3కి తగ్గనివ్వను.