డి-76 మేలా, రోడినాల్ మేలా?

డి-76, రోడినాల్ రెండూ నలుపు తెలుపు ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రావణాలు, అంటే డెవలపర్లు. కొత్తగా ఫిల్మ్ పట్టుకున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: "అన్నా, హెచ్‌పీ5 ప్లస్ రోడినాల్‌లో కడుగుతున్నా, గ్రెయిన్ మరీ ఎక్కువొస్తోంది. డి-76కి మారనా?" హెచ్‌పీ5 ప్లస్ అంటే 400 వేగం ఉన్న నలుపు తెలుపు ఫిల్మ్, గ్రెయిన్ అంటే బొమ్మలో కనిపించే రేణువుల గరుకు. మారితే మంచిదే. కానీ మారాక కూడా అదే గొడవ చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు.

మొన్న మార్చిలో ప్రకాశం బ్యారేజీ దిగువన ఒకే రోల్ మీద ఒకే దృశ్యాన్ని వరసగా తీశాను. వల విసిరే మనిషి, వెనక ఆకాశం. చీకటి సంచిలో రోల్‌ను సగానికి కత్తిరించి ఒక సగం డి-76 1+1లో (ఒక వంతు డెవలపర్‌కు ఒక వంతు నీళ్లు), ఇంకో సగం రోడినాల్ 1+50లో కడిగాను. రెండూ 20 డిగ్రీల దగ్గరే. భూతద్దం పెట్టి చూస్తే రోడినాల్ ఆకాశం బొంబాయి రవ్వ చల్లినట్టుంది, డి-76 ఆకాశం బియ్యప్పిండి. వల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. రోడినాల్ నెగెటివ్‌లో పోగులు ఒక్కోటీ విడివిడిగా తెలుస్తున్నాయి, డి-76లో కాస్త మెత్తబడ్డాయి.

కారణం సోడియం సల్ఫైట్. లీటరు డి-76లో అది 100 గ్రాములుంటుంది, వెండి లవణపు రేణువుల అంచులను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. 1+1గా పలచన చేస్తే ఆ కరిగించే గుణం తగ్గుతుంది, అందుకే నేను నేరుగా వాడను. 1891 నాటి రోడినాల్‌లో క్షారం ఘాటు ఎక్కువ, వాడకానికి కలిపాక సల్ఫైట్ నామమాత్రం. రేణువు ఎలా ఉంటే అలాగే బయటపడుతుంది. గ్రెయిన్ వద్దు, ఆ పదును మాత్రం కావాలంటే కుదరదు.

నిల్వ విషయంలో రోడినాల్‌కు తిరుగులేదు. సీసాలో నల్లబడినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది, అర లీటరు ద్రావణానికి 10 మిల్లీలీటర్లు చాలు. డి-76 పొడి కలిపాక నిండు సీసాలో ఆరు నెలలు, సగం ఖాళీ అయితే రెండు నెలలు. రెండు నెలలకొక రోల్ తీసేవాళ్లకు రోడినాలే సుఖం.

అయితే నా దృష్టిలో తేల్చేది గ్రెయినూ కాదు, నిల్వా కాదు. నీడలు. రోడినాల్ 400 ఫిల్మ్ వేగాన్ని, అంటే తక్కువ వెలుగును పట్టే శక్తిని, దాదాపు ఒక స్టాప్ దాకా (అంటే సగందాకా) తినేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వేపచెట్టు కింద కూర్చున్న మనిషిని 400 పెట్టి తీసి రోడినాల్‌లో కడిగితే, ఆ ముఖంలో దక్కేది కొంచెమే. ఆ కొంచెాన్ని కూడా స్కానర్ బలవంతంగా పైకి లాగుతుంది. అప్పుడు కనిపించే చుక్కల రొదలో సగం స్కానర్‌దే, తిట్లు మాత్రం గ్రెయిన్‌కి. డెవలపర్ మార్చినా గొడవ తీరనిది ఇందుకే. మీ నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. నీడ ఉండాల్సిన చోటు ఫిల్మ్ అంచంత ఖాళీగా ఉంటే ఏ డెవలపరూ అక్కడ ఏమీ పుట్టించలేదు. రోడినాల్ వాడేటట్టయితే వెలుగు కొలిచే మీటరులో వేగాన్ని 200 దగ్గర పెట్టండి, అంకె తగ్గితే ఫిల్మ్‌కు వెలుగు ఎక్కువ అందుతుంది. డి-76కి 320 చాలు, మబ్బు రోజైతే 400 కూడా నడుస్తుంది. అలాగని వెలుగు మరీ పోసేయకండి, నెగెటివ్ చిక్కబడితే గ్రెయిన్ నిజంగానే పెరుగుతుంది.

మన ఎండకు నీడకూ వెలుగుకూ తేడా ఎప్పుడూ ఎక్కువే. అందుకే ఆ ఒక స్టాప్ నాకు చాలా విలువైనది, అందుకే నా ఓటు డి-76కే.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఒక మే నెలలో డెవలపర్‌ను ఐస్‌తో 20కి దించి, బొమ్మను నిలబెట్టే ఫిక్సర్ అయ్యాక మేడ మీది ట్యాంకు నీళ్లతో నేరుగా కడిగేశాను. అవి 34 డిగ్రీలున్నాయి. ఆరాక చూస్తే ఆకాశమంతా రేణువులు గుంపులు కట్టాయి. ఆ రోల్‌లో మా అమ్మమ్మ ఫొటోలున్నాయి, మళ్లీ తీసే వీల్లేదు. అప్పట్నుంచీ కడిగే నీళ్లను ముందే బకెట్లో చల్లార్చి డెవలపర్‌కు అయిదు డిగ్రీల లోపు ఉంచుతున్నాను. డెవలపర్ 20కి దిగకపోతే కాలం తగ్గించాలి: 20 దగ్గర నాలుగు నిమిషాలకు 23 దగ్గర మూడు నిమిషాలని హెచ్‌పీ5 తయారుచేసే ఇల్‌ఫర్డ్ వాళ్లు ఇచ్చే లెక్క. మొత్తం అయిదు నిమిషాల లోపుకి వస్తే మరకలు పడతాయి, 1+1 వాడడానికి ఇది ఇంకో కారణం.

ఎక్స్‌టాల్ అనే ఇంకో డెవలపర్ ఈ రెండిటికన్నా నున్నగా ఇస్తుంది, కానీ పాడైనప్పుడు రంగు మారి చెప్పదు. హెచ్‌సీ-110 అనే డెవలపర్ కూడా బాగానే ఉంటుంది. రోడినాల్ 1+100లో గంటసేపు కదపకుండా ఉంచే పద్ధతిని వేసవిలో ముట్టుకోవద్దు.

నా అరలో రోడినాల్ సీసా ఇప్పటికీ ఉంది. డిసెంబరులో ఎఫ్‌పీ4 అనే తక్కువ వేగపు ఫిల్మ్ వేసి, 64 దగ్గర మీటరు పెట్టి, పొద్దున్నే మంచులో తీసిన రోల్స్‌కి దాన్నే తీస్తాను.