జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో మా స్నేహితురాలి ఏకవ్యక్తి చిత్రప్రదర్శన

ముంబయిలో చిత్రప్రదర్శన ప్రారంభోత్సవానికి వెళ్ళేవారు జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ఉన్న కాలాఘోడా ప్రాంతానికి నడిచి వెళ్ళేంత దూరంలోనే బస చూసుకోవాలి. మా స్నేహితురాలి తొలి ఏకవ్యక్తి ప్రదర్శనకు వెళ్ళివచ్చాక నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఇదే. ప్రారంభం రోజు సాయంత్రం జనం మధ్య బొమ్మలు సరిగా చూడలేం. మర్నాడు పొద్దున గ్యాలరీ తెరవగానే మళ్ళీ వెళ్ళాలి. బస దూరమైతే ఆ రెండోసారి వెళ్ళడం వాయిదా పడి, చివరికి ఎగిరిపోతుంది.

హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఈ ప్రయాణానికి అది బాగా నప్పే బండి. రాత్రంతా నిద్రపోతాం, నేరుగా ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగుతాం. అక్కడి నుంచి గ్యాలరీ రెండు కిలోమీటర్ల లోపే. చిక్కల్లా తెల్లవారకముందే దిగడంతో వస్తుంది. చాలా లాడ్జీలు మధ్యాహ్నం గానీ గది ఇవ్వవు. ముందురోజే ఫోను చేసి, తెల్లవారుజామున వస్తున్నామని చెప్పి ఒప్పించుకోవడం మంచిది. మేం దిగిన చోట ఫోనులో సరేనన్నారు, తీరా వెళ్తే గది ఖాళీ లేదన్నారు. సామాను కౌంటరు దగ్గర పెట్టి, పది దాటేవరకు కుర్చీల్లో కూర్చున్నాం. గది మాత్రం శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. కిటికీ లేదు. ఫోర్ట్, కొలాబా ప్రాంతాల్లో మామూలు ధరకు దొరికేవి ఇరుకు గదులే. అయినా నేను వాటికే ఓటేస్తాను. శివార్లలో అదే డబ్బుకు విశాలమైన గది రావచ్చు, కానీ ప్రారంభోత్సవం ముగిసే వేళకు ఆఫీసుల జనమంతా లోకల్ రైళ్ళలో అటువైపే వెళ్తారు. ఆ రద్దీలో పట్టుచీరలతో, పెద్దవాళ్ళతో ఎక్కడం మాటలు కాదు. దక్షిణ ముంబయిలో ఆటోలు తిరగవని కూడా గుర్తుంచుకోండి. నలుపు పసుపు ట్యాక్సీలే గతి. మీటరు వేయమంటే మారుమాట లేకుండా వేశారు, అది నచ్చింది.

1952లో ప్రారంభమైన ఈ గ్యాలరీలో ఒక చిత్రకారుడికి హాలు దొరకాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. మా స్నేహితురాలు దరఖాస్తు పెట్టినప్పుడు బడిలో చదువుతున్న కూతురు, ఈ ప్రదర్శన నాటికి కాలేజీలో ఉంది. అందుకే గుమ్మం పక్కన బోర్డు మీద ఆమె పేరు చూడగానే మా అందరికీ గొంతు పట్టేసింది. ప్రవేశ రుసుము లేదు. దారిన పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు, పక్క హాలు చూడటానికి వచ్చినవాళ్ళు అందరూ లోపలికి వస్తారు. ఏ పరిచయమూ లేని మనిషి ఒక బొమ్మ ముందు ఆగడం చిత్రకారులకు ఎంత పెద్ద విషయమో ఆ సాయంత్రం ఆమె ముఖంలో చూశాను.

దీపం వెలిగించారు, పెద్దలు క్లుప్తంగా మాట్లాడారు, ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత ఆమెతో రెండు మాటలు మాట్లాడటానికి కూడా కుదరలేదు. అలా జరగడమే సబబు. ఆ రోజు ఆమె అందరికీ కావాలి. మనం చేయదగ్గ సాయం వేరే ఉంది: సందర్శకుల పుస్తకం దగ్గర నిలబడి నాలుగు మాటలు రాయించడం, కేటలాగులు అందించడం, ఎవరైనా ధర అడిగితే ఆమె దగ్గరికి తీసుకెళ్ళడం. ఒక బొమ్మ పేరు పక్కన, అమ్ముడైందన్న గుర్తుగా, ఎర్రచుక్క అంటించగానే మాలో ఒకావిడ చప్పట్లు కొట్టింది. ఏడు కాగానే గ్యాలరీ మూసేస్తారు, కాబట్టి ఆలస్యంగా వచ్చి తీరిగ్గా చూద్దామంటే కుదరదు.

మర్నాడు పదకొండుకు తలుపులు తెరిచేసరికి మేం అక్కడే ఉన్నాం. హాలు దాదాపు ఖాళీ. ఆమె బొమ్మలన్నీ ఎండాకాలపు చెరువులవి. బీటలు వారిన ఒండ్రు, గట్టు మీద మొండి తుమ్మ, నడిమధ్యలో మిగిలిన కాసిన్ని నీళ్ళు. ముందురోజు నేను గోధుమరంగు మాత్రమే చూశాను. దగ్గరికి వెళ్తే అన్నిటికన్నా పెద్ద కాన్వాసులో ప్రతి బీటలోనూ సన్నటి నీలం ఉంది. మొదట కాన్వాసు మొత్తానికి నీలం పూసి, అది ఆరాక పైన మట్టిరంగు దట్టంగా వేసి, తడి ఆరకముందే కత్తి మొనతో గీరిందట. చెరువు నిండుగా ఉన్న రోజు ఆ మట్టి కిందే ఉంది. ఆ మాట ఆమె చెప్పలేదు, గీతలే చెప్పాయి. నాకు ఆమె పదేళ్ళుగా తెలుసనుకున్నాను, ఆమె చేతిని మాత్రం ఆ ఉదయమే చూశాను. వెలుతురు గురించి ఒక్క ఫిర్యాదు: మూలగోడ మీది రెండు నూనెరంగుల చిత్రాలపై దీపాల మెరుపు పడి, పక్కకు జరిగి చూడాల్సి వచ్చింది. దీపం కోణం కొద్దిగా మార్చమని అక్కడి మనిషిని అడిగితే వెంటనే నిచ్చెన తెచ్చి సరిచేశాడు.

మిగిలిన సమయానికి దూరం వెళ్ళక్కర్లేదు. 1922లో తెరిచిన పెద్ద మ్యూజియం, ఇప్పటి ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ్, గ్యాలరీ పక్కనే ఉంది. అక్కడి సూక్ష్మచిత్రాలకే ఒక పూట చాలదు. కాస్త నడిస్తే జాతీయ ఆధునిక కళా గ్యాలరీ. ఒకే రోజు రెండూ పెట్టుకుంటే కళ్ళు అలసిపోతాయి, ఒకటి ఎంచుకోమంటే మ్యూజియమే. గ్యాలరీ ఆవరణలో చిత్రకారులు గంటల తరబడి కూర్చునే సమోవార్ కేఫ్ 2015లో మూతపడింది. అది ఉండి ఉంటే మా కబుర్లకు చోటు వెతుక్కునే పని తప్పేది.

ప్రారంభోత్సవానికి బంధుమిత్రులు ఎలాగూ వస్తారు. మనుషులు అసలు కావలసింది చివరి రోజున. సోమవారం సాయంత్రం ప్రదర్శన ముగిశాక బొమ్మలు దించాలి, ఒక్కోదాన్నీ బుడగల కవరులో చుట్టాలి, మూలలకు అట్టలు కట్టాలి, లారీ ఆఫీసుకు చేర్చాలి. మర్నాడు పొద్దున్నే ఆ గోడలు ఇంకొకరివి. వీలున్నవాళ్ళు ఆ రోజుకు టికెట్టు తీసుకోండి. మాలో ఇద్దరు వెనక్కి రాకుండా అందుకోసమే అక్కడ ఉండిపోయారు.