మొదటిసారి గేమ్ మాస్టర్: గోబ్లిన్ల గుహ మేలా, దయ్యాల కొంప మేలా, సొంత కథ మేలా?

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతో, పాచికలతో కథ ఆడుకునే ఆటల్లో ఆ కథను నడిపేవారే గేమ్ మాస్టర్. నెల రోజుల్లో ముగ్గురు స్నేహితులు ఒకే ప్రశ్న అడిగారు. "ఇన్నాళ్లూ ఆడాను, ఇక నేనే నడుపుదామనుకుంటున్నాను. దేనితో మొదలుపెట్టను?" వాళ్లకు పాచికల గురించి, పాత్రల పత్రాల గురించి చెప్పే పని లేదు. తేలాల్సింది మొదటి రాత్రి బల్ల మీద ఏం పెట్టుకోవాలన్నదే. కత్తులు, మంత్రాల సాహసాల ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ స్టార్టర్ పెట్టె, భయం కథల ఆట కాల్ ఆఫ్ కథుల్హు ఉచిత పరిచయ పుస్తకంలో ఉన్న దయ్యాల కొంప కథ 'ద హాంటింగ్', సొంతంగా అల్లుకున్న కథ. మూడూ నడిపి చూశాను.

పెట్టెలో అన్నీ అమర్చి ఉంటాయి. 2014 నాటి స్టార్టర్ సెట్‌లో 32 పేజీల నియమాల పుస్తకం, 64 పేజీల 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' సాహసం, ఐదు సిద్ధ పాత్రలు, ఆరు పాచికలు వచ్చాయి. 2022లో దాని స్థానంలో ఇంకో పెట్టె వచ్చింది కానీ నేను నడిపింది, ఇప్పటికీ మెచ్చుకునేది పాతదే. బండి మీద సరుకుతో ఫాండలిన్ అనే ఊరికి పోతుంటే దారిలో రెండు గుర్రాలు చచ్చి పడి ఉంటాయి. పొదల చాటున నలుగురు గోబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు, పొంచి ఉంటారు. ఇంత సూటైన ఆరంభం దొరకడం కష్టం. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: మొదటి స్థాయి పాత్రలకు ప్రాణశక్తి చాలా తక్కువ, రెండు బాణాలు సరిగ్గా తగిలితే మంత్రగాడు కూలిపోతాడు. అందరూ పడిపోయినా గోబ్లిన్లు దోచుకుని వదిలేసి పోతారని, ఆట అక్కడితో ఆగదని ముందే అనుకుని ఉండండి.

తర్వాత వచ్చే గుహ ఇంకా బాగుంటుంది. యీమిక్ అనే గోబ్లిన్ ఒక బందీని అడ్డం పెట్టుకుని బేరానికి దిగుతాడు: మా నాయకుడు క్లార్గ్‌ను చంపండి, ఇతన్ని వదిలేస్తాను అంటాడు. శత్రువుకూ ఒక కోరిక ఉంటే కత్తి దూయకుండానే దృశ్యం వేడెక్కుతుందని నేను నేర్చుకున్నది ఇక్కడే.

అయినా మొదటి రాత్రికి ఈ పెట్టెను రెండో స్థానంలోనే పెడతాను. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. పుస్తకం మూసేసి, ఎదుటివాళ్ల ముఖాలు చూస్తూ, మన మాటల్లో చెప్పగలమా లేదా? గుర్రాల దృశ్యం మొదటిసారి నడిపినప్పుడు పుస్తకంలో చదివి వినిపించమని ఇచ్చిన ఇంగ్లీషు వర్ణనను ఉన్నది ఉన్నట్టు చదివాను. నాలుగు వాక్యాలు పూర్తయ్యేసరికి నా ఎదుట కూర్చున్న స్నేహితుడు పాచికను బల్ల మీద దొర్లించుకుంటున్నాడు. "ఇంతకీ అక్కడ ఏముంది?" అన్నాడు. "రెండు గుర్రాలు. ఒంటి నిండా నల్ల ఈకల బాణాలు" అన్నాను. వెంటనే ముందుకు వంగి, "నెత్తురు ఇంకా తడిగా ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఏ పేజీలోనూ వెతకకూడదు. కానీ ఫాండెల్వర్ ప్రపంచంలో ఊళ్లు, వంశాలు, గనులు, దేవుళ్లు మనకు కొత్త. ఏం చెబితే ముందు రాబోయే కథ చెడిపోతుందోనన్న భయంతో కళ్లు మళ్లీ పుస్తకంలోకి పోతాయి.

'ద హాంటింగ్'తో ఆ భయం ఉండదు. 1920 నాటి బోస్టన్ నగరం. నాట్ అనే ఇంటి యజమాని తన ఇంట్లో ఏదో ఉందని, అద్దెకున్న కుటుంబానికి మతి చలించిందని చెప్పి, సంగతేమిటో కనుక్కోమంటాడు. అద్దెకు ఎవరూ నిలవని ఇల్లు! ఇలాంటి ఇంటి గురించి వినకుండా పెరిగిన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా? నేలమాళిగలో, గోడ వెనక, కార్బిట్ అనేవాడి శవం ఉంది. అది ఇంకా చావలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా నోటికి వస్తుంది. పైగదిలో ఒకరు కిటికీ దగ్గరకు వెళ్లినప్పుడు "వెనక మంచం కోడు నేల మీద గీసుకున్న చప్పుడు" అని మాత్రమే అన్నాను. మా బల్ల దగ్గర ఒకామె కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుంది.

నియమాలూ అంతే తేలిక. గ్రంథాలయంలో వెతికే నైపుణ్యం 60 అంటే నూటికి 60 పాళ్లు అవకాశం, ఎవరికీ వివరించక్కర్లేదు. పాచిక ఓడితే, మళ్లీ ఓడినప్పుడు ఏమవుతుందో ఒప్పుకుని ఇంకోసారి వేయొచ్చు. ఆ మూల్యం ఏమిటో ముందుగా చెప్పడం ఏ ఆటకైనా పనికొచ్చే అలవాటు.

లోపం లేదా అంటే ఉంది. పాత దస్తావేజుల్లో దొరకాల్సిన ఆధారం పాచిక వల్ల చేజారితే ఆట చల్లబడుతుంది. అందుకే ఈ ఆటలు నడపడం గురించి రాసే జస్టిన్ అలెగ్జాండర్ చెప్పిన మూడు ఆధారాల సూత్రం ముందే చదవండి: ఆటగాళ్లు తెలుసుకోవాల్సిన ప్రతి సంగతికీ కనీసం మూడు ఆధారాలు ఉంచాలి. తప్పనిసరి ఆధారాన్ని నేనైతే పాచిక అడగకుండానే ఇచ్చేస్తాను. ఇది భయం కథ కాబట్టి ఎవరికి ఏది వద్దో కూర్చోకముందే అడిగి తీరాలి. ఒకే ఇల్లు గనుక రెండు రాత్రుల్లో అయిపోతుంది. నెలల తరబడి ఒకే పాత్రలతో సాగాలనుకుంటే మాత్రం గోబ్లిన్ల దగ్గరకే వెళ్లండి.

సొంత కథ అన్నిటికన్నా తియ్యని ఆశ, కానీ మొదటిసారి రాసేవాళ్లు రాజ్యాల చరిత్ర రాస్తూ మొదటి దృశ్యం మరిచిపోతారు. రాయాలనే ఉంటే ఒక ఊరు, ఒక సమస్య, ఒక గుహ చాలు. రెండు వందల పేజీలు దాటిన పెద్ద సాహస గ్రంథాల జోలికి ఇప్పుడే పోవద్దు.

మొన్న అడిగిన ముగ్గురిలో ఒకరు ఈ శనివారం కార్బిట్ ఇల్లు తెరుస్తున్నారు. పుస్తకం రెండుసార్లు చదివి, ఒకే కాగితం మీద యజమానికి ఏం కావాలి, కార్బిట్‌కు ఏం కావాలి, ఏ గదిలో ఏం జరుగుతుంది అని తెలుగులో రాసుకోమన్నాను. బల్ల మీద ఉండేది ఆ కాగితమే.