షావోమీ డెస్క్ ల్యాంపులో టాస్మోటా: రెండేళ్ల వాడకం తర్వాత

ఇది మొదటి తరం ఎంఐ ఎల్‌ఈడీ డెస్క్ ల్యాంపు, మోడల్ ఎంజేటీడీ01వైఎల్ సంగతి. లోపల ఉండేది ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పు. కంపెనీ ఫర్మ్‌వేర్ (చిప్పును నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి అందులో ఎక్కించుకునే ఉచిత ఫర్మ్‌వేరే టాస్మోటా. 1ఎస్ మోడల్‌లో ఈఎస్‌పీ32 ఉంటుంది, ఈ చిప్పుకు ఎక్కించే టాస్మోటా ఫైలు దానికి పనికిరాదు. టాస్మోటా ఎక్కించి రెండేళ్లు దాటింది. యాప్ అక్కర్లేదు, నెట్ పోయినా ఇంట్లో రౌటర్ నడుస్తుంటే చాలు. టంకం పని గంటలో అయిపోతుంది. ఆ తర్వాత దీపం మాట వింటుందా, విసిగిస్తుందా అన్నది సెట్టింగుల చేతిలో ఉంది.

అడాప్టర్ తీసేశాకే విప్పండి. కంప్యూటర్‌కు కలిపే సీరియల్ తీగలు ఉన్నంతసేపూ 12 వోల్టుల అడాప్టర్ జోలికి పోకూడదు. అడుగున ఉన్న రబ్బరును హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు వదులుతుంది, దాని కింద స్క్రూలు. బోర్డు మీద కావలసిన చోట్లు ఐదు: 3.3 వోల్టులు, గ్రౌండ్, టీఎక్స్ (డేటా పంపేది), ఆర్‌ఎక్స్ (డేటా అందుకునేది), జీపీఐఓ0 (రాత మోడ్‌లోకి తెచ్చే పిన్ను). ఏది ఏదో మల్టీమీటర్ బీప్ పెట్టి, చిప్పు మాడ్యూల్ కాళ్ల నుంచి సరిచూసుకున్నాకే టంకం వేయండి. 30 గేజీ తీగ, సన్నటి 60/40 సోల్డర్, కొంచెం ఫ్లక్స్, 330 డిగ్రీల దగ్గర సోల్డరింగ్ ఐరన్. ఒక్కో ప్యాడ్ మీద రెండు మూడు సెకన్లు మించితే ప్యాడే లేచొస్తుంది. తీగల్ని గ్లూగన్ చుక్కతో అతికిస్తే లాగినా ఊడవు.

ఎక్కువమంది బోల్తా పడేది కరెంటు దగ్గర. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఎఫ్‌టీ232 అడాప్టర్‌లో (యూఎస్‌బీని సీరియల్‌గా మార్చేది) 3.3 వోల్టుల పిన్ను ఎఫ్‌టీ232 చిప్పు నుంచే వస్తే, అది ఇవ్వగలిగేది 50 మిల్లీయాంపులే. ఈఎస్‌పీ8266 వైఫై లేచినప్పుడు 300 దాటి లాగుతుంది. చిప్పులోకి ఫర్మ్‌వేర్ రాసే పని సగంలో ఆగిపోయేది ఇందుకే. ఏఎంఎస్1117 రెగ్యులేటర్ బోర్డుతో విడిగా 3.3 వోల్టుల కరెంటు ఇచ్చి, గ్రౌండ్లు రెండూ కలపండి. ఎఫ్‌టీ232 జంపర్ 5 వోల్టుల మీద ఉంటే దీపం చిప్పు పోయినట్టే.

దీపం టీఎక్స్‌ను ఎఫ్‌టీ232 ఆర్‌ఎక్స్‌కు, దీపం ఆర్‌ఎక్స్‌ను దాని టీఎక్స్‌కు కలపాలి. జీపీఐఓ0ను గ్రౌండ్‌కు తాకించి ఉంచి కరెంటు ఇస్తే రాత మోడ్‌లో లేస్తుంది. కంప్యూటర్‌లో ఈఎస్‌పీటూల్ అనే ప్రోగ్రాంతో ముందు ఫ్లాష్ (చిప్పు మెమరీ) సైజు చూసి, పాత ఫర్మ్‌వేర్ మొత్తం చదివి దాచుకోండి. అందులో మీ వైఫై పాస్‌వర్డ్ ఉండొచ్చు, ఎవరికీ పంపొద్దు. తర్వాత చెరపడం, ఆపై డౌట్ (DOUT) అనే రాత పద్ధతిలో సున్నా చిరునామా నుంచి టాస్మోటా రాయడం. ప్రతి ఆదేశానికీ మధ్య కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలి. ఇది మరిచిపోయి 'టైమ్డ్ అవుట్' అని వస్తే, తీగలు తప్పనుకుని మళ్లీ విప్పేవాళ్లే ఎక్కువ. రాత అయ్యాక జీపీఐఓ0 తీగ వదిలేయండి, లేదంటే దీపం వెలగదు.

టాస్మోటా పేరుతో వైఫై హాట్‌స్పాట్ వస్తుంది, దానికి కలిసి బ్రౌజర్‌లో తెరవాల్సిన చిరునామా 192.168.4.1. మీ వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌ది అయి ఉండాలి. మాడ్యూల్ జాబితాలో 66వది ఎంచుకుంటే పిన్నులన్నీ వాటంతటవే కుదురుతాయి. గుండీ తిప్పితే వెలుతురు, నొక్కిపట్టి తిప్పితే రంగు మారతాయి.

ఇక మన ఊళ్ల కరెంటు. వెంటవెంటనే ఆరుసార్లు పోయి వస్తే టాస్మోటా దాన్ని రీసెట్ కోరినట్టుగా తీసుకుని సెట్టింగులన్నీ తుడిచేస్తుంది. గాలివానలో ఇది నిజంగా జరిగే పనే. టాస్మోటా పేజీలోని కన్సోల్‌లో సెట్‌ఆప్షన్65 1 అనే ఆదేశం ఇచ్చి దాన్ని ఆపేయండి. అర్ధరాత్రి కరెంటు రాగానే దీపం భగ్గున వెలగకుండా పవర్‌ఆన్‌స్టేట్ 0. పిల్లలు గుండీని అదేపనిగా నొక్కిపట్టినా రీసెట్ కాకుండా సెట్‌ఆప్షన్1 1. టైమ్‌జోన్ +5:30 ఇచ్చినా ఒక లోటు మిగులుతుంది: చిప్పులో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు వచ్చి నెట్ రాకపోతే టైమర్లు పడుకుంటాయి. రౌటర్‌కు సమయం పంచే సౌకర్యం ఉంటే ఎన్‌టీపీసర్వర్1 (సమయం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సెట్టింగు)లో దాని చిరునామా ఇవ్వండి.

ఐదు తీగల్నీ లోపలే ఉంచేయడం మేలు, కానీ ఒక్కో కొసకూ విడిగా క్యాప్టన్ టేపు (వేడి తట్టుకునే ఇన్సులేషన్ టేపు) చుట్టండి. జీపీఐఓ0 కొస గ్రౌండ్‌కు తగిలితే దీపం మొరాయిస్తుంది.

నచ్చనిది ఒక్కటే. ఈ చిప్పులో పీడబ్ల్యూఎం పని (వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ వెలుతురు తగ్గించడం) సాఫ్ట్‌వేరే చేస్తుంది, వైఫై పని అడ్డొచ్చినప్పుడు వెలుతురు అట్టడుగున సన్నగా మిణుకుతుంది. చదువుకునే బల్ల మీద తెలియదు. పడక పక్కన మసక వెలుతురు కోసమైతే వేరే దీపం చూసుకోండి.