నావిస్‌వర్క్స్‌తో ఆరేళ్లు: స్లాబ్ పోయకముందే తేలాల్సిన తగాదాలు

ఆరేళ్లుగా భవనాల్లో ఏసీ గాలి వెళ్లే డక్టులు, పైపులు, కేబుల్ ట్రేలు ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసే కోఆర్డినేషన్ పని చేస్తున్నాను. రోజూ తెరిచేది నావిస్‌వర్క్స్ మేనేజ్, భవనం 3డి మోడళ్లను కలిపి చూసే సాఫ్ట్‌వేర్. కొనేవాళ్లు ఒకటి చూసుకోండి, సిమ్యులేట్ అనే వెర్షన్‌లో ఒకదానికొకటి తగిలే చోట్లను (క్లాష్‌లను) వెతికే క్లాష్ డిటెక్టివ్ ఉండదు. స్ట్రక్చర్ వాళ్లు, ఏసీ వాళ్లు, ప్లంబింగ్ వాళ్లు ఎవరి మోడల్ వాళ్లు రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనో మరోదాంట్లోనో చేసుకుంటారు. అన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చితే, డక్ట్ బీమ్‌లోకి దూరిన చోటు రంగు మారి కనిపిస్తుంది.

మొదట్లో అన్నిటినీ అన్నిటితో పోల్చి రన్ చేశాను. వేల క్లాష్‌లు! చాలావరకు గోడలో ఎలాగూ పూడ్చే కండ్యూట్లే (వైర్లు వెళ్లే గొట్టాలే). ఆ జాబితాతో మీటింగుకు వెళితే ఎవరూ రెండో పేజీ తిప్పలేదు. ఇప్పుడు డక్టులకూ బీములకూ ఒక టెస్టు, డ్రైనేజీకీ స్ట్రక్చర్‌కీ ఇంకొకటి, ఇలా విడివిడిగా పెడతాను. ఒకే డక్ట్ వల్ల వచ్చిన నలభై క్లాష్‌లను ఒక గ్రూపు చేస్తాను. నిజానికి తేల్చాల్సిన సమస్య అక్కడ ఒక్కటే.

నాకు పాఠం నేర్పింది మాత్రం ఒక డ్రైనేజీ పైపు. రిపోర్టులో ఒక్క క్లాష్ కూడా లేదు. సైట్‌లో పైపు వెళ్లి బీమ్‌కు తగిలింది. తీరా చూస్తే మోడల్‌లో దాన్ని వాలు లేకుండా గీశారు. వందకు ఒకటి వాలులో 12 మీటర్లు నడిస్తే పైపు 120 మి.మీ. కిందికి దిగుతుంది. గీయని వాలును సాఫ్ట్‌వేర్ ఎలా పట్టుకుంటుంది? ఇన్సులేషన్‌దీ ఇదే కథ. చల్లనీటి పైపుకు 50 మి.మీ. మందం చుట్టితే వ్యాసం 100 మి.మీ. పెరుగుతుంది. అందుకే ఇప్పుడు టెస్టు కంటే ముందు వాలు, ఇన్సులేషన్ చూస్తాను. వాల్వు తిప్పడానికి చెయ్యి పట్టే జాగా ఉందో లేదో క్లియరెన్స్ టెస్టులో చూస్తాను.

ఎవరు జరగాలన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. మేము ముందే మాట్లాడుకుంటాం: వాలు మీద నడిచే డ్రైనేజీ కదలదు, దాని తర్వాత పెద్ద డక్టులు, కేబుల్ ట్రేలు వాటి పక్కనుంచి సర్దుకోవాలి. మార్పు మళ్లీ అసలు మోడల్‌లోనే చేయాలి, ఇక్కడ కుదరదు.

నాకు బాగా నచ్చింది ఫ్రీడమ్ అనే ఉచిత వ్యూయర్. సైట్ ఇంజనీరు అందులో మోడల్ తిప్పి చూసి, స్లీవులు (పైపులు దాటడానికి కాంక్రీటులో ముందే పెట్టే గొట్టాలు) ఎక్కడ పెట్టాలో షట్టరింగ్ మీదే గుర్తు పెట్టుకుంటాడు. పోయినసారి భవనంలో గట్టిపడ్డ కాంక్రీటుకు రంధ్రం చేసే కోర్ కటింగ్ మిషన్ రెండుసార్లే వచ్చింది, ఆ రెండూ స్లాబ్ పోశాక అడిగిన మార్పులకే.